బాలింత గుడ్డెలుగు

ఈ మధ్య ఇద్దరు పిల్లలు పోతిరెడ్డిపల్లిలో మా ఇంటికి వచ్చారు. వెటర్నరీ కాలేజీ నుంచి అప్పుడే బయటపడ్డవాళ్ళు, జూలో డాక్టర్లుగా చేరబోతున్నారు. పులికి మత్తు సూది ఎట్లా వేస్తారు, ఏనుగు జబ్బు పడితే ఎంత మందు పడుతుంది అని అడిగారు. అవన్నీ పుస్తకంలో ఉన్నాయి, చదువుకోండి అన్నాను. మొహాలు వేలాడేసుకున్నారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది గాని ఎక్కువసేపు నిలవదు. చాయ్ పెట్టి కూర్చోబెట్టి పుస్తకంలో లేనిది చెప్పాను. వాళ్ళు వెళ్ళిపోయాక, ఇద్దరికి చెప్పింది పదిమందికి చెబితే పోయిందేముందని ఇది మొదలుపెట్టాను.

ముందే చెబుతున్నాను, ఇందులో నా ప్రమోషన్లు ఉండవు. నాకు శాలువా కప్పిన సభలు కూడా ఉండవు. ఒక గుడ్డెలుగు ఉంటుంది. ఎలుగుబంటిని మా దిక్కు అట్లాగే అంటారు. నా ఉద్యోగం మొత్తంలో నేను గర్వంగా తలెత్తుకుని చెప్పుకునే సంగతి ఏదన్నా ఉంటే అది దానిదే.

పేడ చూడటం రాకపోతే ఇంటికి పోండి

జూ డాక్టరంటే పులిపిల్లను ఒళ్ళో పెట్టుకుని ఫొటో దిగడం అనుకుంటారు. నేను చేరిన కొత్తలో మా చుట్టాలు కూడా అట్లాగే అనుకున్నారు. ఒకరికి నెమలీక కావాలి, ఒకరికి పులిగోరు కావాలి. పిల్లలు జడుసుకోకుండా మెడలో కట్టే తాయెత్తులో పెట్టడానికి గుడ్డెలుగు వెంట్రుక అడగని ఇల్లు పోతిరెడ్డిపల్లిలో లేదు. పెళ్ళికి పోయినా అదే మాట, చావుకు పోయినా అదే మాట. చివరికి నా తలవెంట్రుక పీకి ఇస్తాను పట్టుకుపొండని తిట్టాను. అప్పుడు మానేశారు.

అసలు పని పొద్దున్నే మొదలవుతుంది. గేటు తెరవకముందే ఒక చుట్టు తిరగాలి. ఎవరు తిన్నారు, ఎవరు వదిలేశారు, ఎవరి పేడ పలచబడింది, రోజూ ముందుకొచ్చి నిలబడేది ఇవాళ ఎందుకు మూలన పడుకుంది, ఇవే చూసేవి. జంతువు నోరు తెరిచి చెప్పదు కాబట్టి పేడే చెబుతుంది. ముక్కు మూసుకునేవాళ్ళు బ్యాంకు పరీక్షలు రాసుకోవడం మేలు.

ఇక పైవాళ్ళ గురించి. నా సర్వీసులో ఎందరో క్యూరేటర్ల కింద పనిచేశాను. మంచి అంటే ఈయనే అని చెప్పదగ్గవారు రంగనాథం గారు. కోస్తా నుంచి వచ్చారు. లంచం తెలియదు, అబద్ధం తెలియదు. మాంసం కాంట్రాక్టర్లను గడగడలాడించారు. ఆయనకు ఒకటే పిచ్చి, శుభ్రత. ఇనుప బోన్లు, సిమెంటు నేల, పొద్దున్నా సాయంత్రమూ ఫినాయిల్ కడుగుడు. జూలోకి అడుగుపెడితే ఆస్పత్రి వాసన వచ్చేది. ఆయనకు అది గొప్ప. మొదట్లో నాకూ గొప్పగానే ఉండేది, ఎందుకంటే అంతకుముందు అక్కడ ఎట్లా ఉండేదో చూసినదాన్ని.

బిజిలీ

ఆ గుడ్డెలుగు పేరు బిజిలీ, మాకు కంది ఊరి దగ్గర దొరికింది. బొంబాయి రోడ్డు మీద లారీలు ఆగే హోటల్ ముందర ఎలుగుల్ని ఆడించి బతికే ఒక ఖలందర్ దాన్ని ఆడిస్తుంటే అటవీశాఖ వాళ్ళు పట్టుకుని మా దగ్గరికి తెచ్చారు. ముక్కులోంచి తాడు, ఆ తాడు దగ్గర ఎన్నేళ్ళదో మానని పుండు. ఖలందర్ కూడా లారీ వెనకాలే వచ్చాడు. ఆడించినవాడు దుర్మార్గుడని కోపంగా ఉన్నాను గాని, గేటు దగ్గర కూర్చుని వాడు ఏడ్చిన ఏడుపు చూసి ఏమీ అనలేకపోయాను. పోతూపోతూ ఒక్క మాట చెప్పిపోయాడు.

"డాక్టరమ్మా, జొన్నరొట్టెల బెల్లం వెట్టి ఇయ్యుండ్రి. గదైతే తింటది."

తాడు తీసేశాను, పుండు మానింది. మా దగ్గర ముందునుంచే ఉన్న మగ గుడ్డెలుగుతో జత కుదిరింది. మరుసటి చలికాలానికి ఈనింది. ఇప్పుడు చెప్పబోయేది ఇష్టం లేకపోయినా చెప్పాలి.

మన దిక్కు పిల్ల పుట్టిందంటే చూడటానికి పోవడం మర్యాద. పోకపోతే తప్పు పడతారు. జూలోనూ అదే జరిగింది. ఆఫీసు ఆఫీసంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చి బోను సందులోంచి తొంగిచూశారు. స్వీట్లు పంచుకున్నారు. అందరిదీ ఒకటే మాట, ఒక్కసారి చూసిపోతాం అని. చెడ్డబుద్ధి ఒక్కరికి కూడా లేదు, అందరిదీ ప్రేమే. ఆ సాయంత్రం ఎప్పటిలాగే ఫినాయిల్ కడిగారు. మర్నాడు పొద్దున్న బోనులో పిల్ల లేదు. తన పిల్ల ఇక బతకదు, ఈ చోటు భద్రం కాదు అనుకున్న తల్లి జంతువు ఏం చేస్తుందో చదివినవాళ్ళకు తెలుసు. బిజిలీ అదే చేసింది.

రెండోసారి రంగనాథం గారు కాపలా పెట్టారు. ఎవరూ పోకూడదని గట్టిగా చెప్పారు. పోకూడదంటే ఎవరు పోకూడదు? ఇంకొకరు. నేనొక్కణ్ణే కదా అని కాపలావాడు తన బామ్మర్దిని తీసుకుపోయాడు. నేనొక్కణ్ణే కదా అని పెద్ద గుమస్తా పోయాడు. చివరికి పేపరు ఫొటోగ్రాఫర్ను వెంటబెట్టుకుని క్యూరేటరు గారే పోయారు. మళ్ళీ అదే అయింది. పైగా పేపర్లో రాక్షసి తల్లి అని రాశారు. ఆ పేపరు చింపి పొయ్యిలో వేశాను, నా కోపం మాత్రం చల్లారలేదు.

ఆ రోజుల్లోనే జూలో పెద్ద మార్పు మొదలైంది. ఇనుప బోన్లు తీసేసి బయలు ఎన్‌క్లోజర్లు కడుతున్నారు. కమ్మీలు ఉండవు, మధ్యలో లోతు కందకం, అవతల చెట్లు, రాతిగుండ్లు, పుట్టలు. జనం ఈవల, జంతువు ఆవల, మధ్యన ఆకాశం. అన్నింటికన్నా పెద్దది గుడ్డెలుగులకే అనుకున్నారు. అయితే రంగనాథం గారు నన్ను పిలిచి తేల్చి చెప్పారు. ఈసారి కూడా పిల్లలు దక్కకపోతే బిజిలీని మగదాంతో కలవనివ్వరట. పిల్లల్ని తినే జంతువును జనం ముందు పెట్టడం ఆయనకు ఇష్టం లేదు. కొత్త ఎన్‌క్లోజరు సింహాలకు పోతుంది, బిజిలీ వెనకవైపు పాత బోనులోనే బతుకు వెళ్ళదీస్తుంది.

అప్పటికి అది మళ్ళీ చూలు కట్టి ఉందని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు.

కర్దనూర్ షెడ్డు

కట్టుబడి జరిగే ఏడాది జంతువుల్ని ఎక్కడన్నా ఉంచాలి కదా. కర్దనూర్ పక్కన జూకు గడ్డి పెంచే భూమి ఉండేది. అక్కడ రేకుల షెడ్లు వేసి కొన్నింటిని తరలించారు. బిజిలీ అందులో ఒకటి. పటాన్‌చెరు బస్సు దిగి నడిచి పోయేదాన్ని. పక్కనే ఇనుప కడ్డీలు తీసే ఫ్యాక్టరీ, పొద్దస్తమానం ధడేల్ ధడేల్మని చప్పుడు. గాలి మళ్ళితే రసాయనాల ఫ్యాక్టరీ నుంచి కుళ్ళిన గుడ్ల వాసన. రంగనాథం గారు చూసి తల పట్టుకున్నారు, ఈ మోతలో ఇది పిల్లల్ని ఏం పెంచుతుందని.

నేను మాత్రం అక్కడ ఒక సంగతి గమనించాను. చెబుతున్నాను, రాసిపెట్టుకోండి. ఫ్యాక్టరీ మోత రోజంతా ఒకే తీరు ఉండేది. వారం తిరిగేసరికి బిజిలీ దాన్ని లెక్కచేయడం మానేసింది. సైరను కూస్తే చెవి కూడా కదిపేది కాదు. అదే ఒక కొత్త మనిషి అడుగు వినబడితే చాలు, లేచి నిలబడి గోడకు ఆనుకునేది, ఊపిరి బుసబుసమనేది. దానికి చప్పుడు భయం కాదు, మనమే భయం. తాడు పట్టింది మనుషులే కదా.

షెడ్డు చూసుకునేది యాదయ్య. కర్దనూర్ మనిషే. కూలి పనులు చేసి, కొన్నాళ్ళు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసి, మా దగ్గర కీపరుగా చేరాడు. ఆయన భార్య లచ్చమ్మ గడ్డి కోసేది, బిజిలీకి జొన్నరొట్టెలు కూడా తనే చేసేది. చలి ముదురుతున్న రోజుల్లో యాదయ్య నాతో అన్నాడు.

"డాక్టరమ్మా, మూడొద్దుల సంది బయటికి వస్తలేదు. సీకట్ల మూలకు కూసున్నది. నేను పోతె గూడ ఉరుముతున్నది. ఈ వారంల ఈనుతది."

దాని గది తలుపు దగ్గరికి పోయాను. చీకట్లోంచి గుర్రుమంది. నన్ను చూసి ఎన్నడూ అట్లా అనలేదు. అక్కడే నిలబడిపోయాను. నాకు మా అత్తమ్మ గుర్తుకొచ్చింది. నవ్వకండి.

అత్తమ్మ కాపలా

నా పెద్దబిడ్డ పుట్టినప్పుడు మా అత్తమ్మ నన్ను ఇంటి వెనక గదిలో పెట్టింది. కిటికీ మూసింది. గడపకు వేపమండలు కట్టింది. మూడు వారాలు మైల అన్నది, లోపలికి తను తప్ప ఎవరూ రాకూడదన్నది. నేను డాక్టర్ను, గాలి వెలుతురు అవసరమని పాఠాలు చెప్పే మనిషిని. అరిచి గీపెట్టాను. ఆమె చెవిన పెట్టలేదు. నాతో పనిచేసేవాళ్ళు పండ్లూ బిస్కెట్లూ పట్టుకుని నగరం నుంచి వచ్చారు. వాకిట్లోనే కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి పంపించింది. మా మామగారి అన్నగారు, ఊళ్ళో పెద్దమనిషి, బిడ్డను చూస్తానని గడప దాకా వచ్చారు. ఆయన ముందర కొంగు నెత్తిమీద వేసుకునే మనిషి, ఆ రోజు గడపకు అడ్డం కూర్చుని ఒక్కటే అన్నది.

"బాలింత పండుకున్నది బావా. మీరు పెద్దోళ్ళు, మైలల కాలు వెట్టద్దు."

ఆయన అట్నుంచటే వెనక్కి తిరిగారు. నాకప్పుడు ఒళ్ళు మండింది. కాని షెడ్డు తలుపు ముందర నిలబడినప్పుడు అర్థమైన సంగతి వేరు. ఆ మూడు వారాలు నేను కడుపునిండా నిద్రపోయాను. ఎవరి ముందరా లేచి కూర్చోలేదు, ఎవరికీ నవ్వుమొహం పెట్టలేదు. నా బిడ్డ, నా పాలు, చీకటి. ఇంకేం కావాలి ఒక తల్లికి?

ఇంకొకటి కూడా తట్టింది. జూలో ఎన్ని ఆర్డర్లు వేసినా, ఎన్ని బోర్డులు పెట్టినా ఆగని మనుషులు మైల అనే ఒక్క మాటకు ఆగుతారు. ఆర్డరుకు ప్రతివాడూ నేనొక్కణ్ణే కదా అంటాడు. మైలకు అట్లా అనడు. ఎందుకంటే అక్కడ చెడేది వాడి మడే.

యాదయ్యనూ లచ్చమ్మనూ పిలిచి చెప్పాను. ఇది బాలింత. ఇది పురిటిల్లు. యాదయ్య ఒక్కడే తలుపు సందులోంచి నీళ్ళూ తిండీ పెట్టాలి, అదీ రోజూ వేసుకునే అంగీతోనే, మాటామంతీ లేకుండా. ఊడ్వద్దు, కడగద్దు, ఫినాయిల్ డబ్బా ఈ ఆవరణలోకే రావద్దు. లచ్చమ్మకు వేరే చెప్పాల్సిన పని పడలేదు. సాయంత్రానికల్లా గేటుకు వేపమండలు కట్టింది. సాంబ్రాణి పొగ కూడా వేస్తానన్నది. వద్దు తల్లీ, దాని ముక్కుకు మన సాంబ్రాణి కూడా ఫినాయిలే అన్నాను. కొంచెం చిన్నబుచ్చుకుంది గాని విన్నది. మన ఆచారంలోంచి చీకటిని, గడప దగ్గర కాపలాను తీసుకున్నాను. పొగ, చూడవచ్చేవాళ్ళు, పండ్ల బుట్టలు వదిలేశాను.

మాలలో వచ్చిన సారు

మూడో రోజు పొద్దున్న కూనల అరుపు వినబడిందని యాదయ్య చెప్పాడు. ఒకటి కాదు, రెండు గొంతులట. పక్క ఫ్యాక్టరీ గేటు దగ్గరి ఫోన్ నుంచి రంగనాథం గారికి చెప్పాను, చెప్పక తప్పదు. చూడటానికి రావద్దని కూడా చెప్పాను. ఆయన నవ్వారు.

"ఒక్కసారి చూసి వెళ్తానమ్మా. నేనేమన్నా పరాయివాణ్ణా?"

గతంలో రెండుసార్లూ పిల్లల్ని చంపింది సరిగ్గా ఈ మాటే. ఫోన్ పెట్టేశాను. ఆయన పై అధికారి. అడ్డం నిలబడితే పని పోతుంది, అడ్డం నిలబడకపోతే పిల్లలు పోతాయి. పని పోయినా సరే, తలుపు తీయనివ్వను అనుకున్నాను. ఎట్లా ఆపాలో మాత్రం తెలియదు.

మర్నాడు జీపు వచ్చింది. ముందుసీట్లోంచి రంగనాథం గారు దిగారు. నల్లబట్టలు, మెడలో మాల, నుదుట గంధం, కాళ్ళకు చెప్పుల్లేవు. అయ్యప్ప దీక్షలో ఉన్నారు. నెలరోజులుగా ఆఫీసులో అట్లాగే చూస్తున్నా, నా కంగారులో ఆ సంగతే తట్టలేదు. వెనక కెమెరా మెడలో వేసుకుని పేపరు ఫొటోగ్రాఫర్. రంగనాథం గారు మాట్లాడుతూనే నేరుగా గేటు దగ్గరికి నడిచారు. గేటు పక్కన గడ్డి మోపు కడుతున్న లచ్చమ్మ గబుక్కున లేచింది. ఆమె మొహంలో నిజంగా భయం కనబడింది, ఆయన కోసమే.

"స్వామీ, జెర ఆగుండ్రి. పురిటిల్లు గిది. మాలల ఉన్నరు మీరు, లోపటికి రావద్దు."

ఆయన కాలు గేటు ఈవలే ఆగింది. వేపమండలు చూశారు. లచ్చమ్మను చూశారు. తర్వాత నావైపు తిరిగారు.

"ఏమిటమ్మా ఇది? జంతువుకి మైలేమిటి?"

నేను ఆయన్ని మోసం చేయలేదు. ఉన్నదే అడిగాను.

"మీ ఇంట్ల ఆవు ఈనితే ఆ పాలు దేవునికి ఎన్ని రోజులు పెట్టరు సార్?"

జవాబు ఆయనకు నాకన్నా బాగా తెలుసు. నిష్ఠ గల మనిషి, రోజుకు రెండుసార్లు చన్నీళ్ళ స్నానం చేసి పూజ చేసుకునే మనిషి. జీపు దగ్గర నిలబడ్డ డ్రైవరు కూడా మాలలోనే ఉన్నాడు. ఆ మాట చెవిన పడగానే మళ్ళీ జీపెక్కి కూర్చున్నాడు.

ఫ్యాక్టరీలో ఇనుము మోగుతూనే ఉంది. రంగనాథం గారు కాలు వెనక్కి తీసుకున్నారు. ఇంతలో ఫొటోగ్రాఫర్ కెమెరా సర్దుకుంటూ, నేను మాలలో లేను కదా సార్, నేనొక్కణ్ణే వెళ్ళి ఒక్క ఫొటో తీసుకొస్తాను అన్నాడు.

క్యూరేటరు గారికి అట్లా కోపం రావడం నేను అంతకుముందు చూడలేదు.

"నేనే ఆగానయ్యా! నువ్వెవరు?"

అంతే. ఆ క్షణం నుంచి ఆ గేటుకు ఆయనకన్నా గట్టి కాపలా ఇంకొకటి లేకపోయింది. జీపెక్కబోతూ నావైపు చూసి, ఇంకెవరన్నా వస్తే నా పేరు చెప్పమన్నారు. జీపు కంటికి కనబడకుండా పోయేదాకా నేను బిగబట్టుకుని నిలబడ్డాను. తర్వాత లచ్చమ్మ చెయ్యి పట్టుకుని పకపకా నవ్వాను. ఆమెకు ఎందుకో అర్థంకాక నావంక ఎగాదిగా చూసింది.

తినని తల్లి

గెలిచామనుకుంటే అప్పుడు మొదలైంది అసలు కష్టం. బిజిలీ బయటికి రాదు, తినదు. పెట్టిన జొన్నరొట్టె పెట్టినట్టే ఉంటుంది. నీళ్ళూ ముట్టలేదు. అడవిలో గుడ్డెలుగు ఈనాక కొన్ని రోజులు గుహ వదలదని చదివాను. చదవడం వేరు, రోజూ పొద్దున్నే పోయి ఎండిపోయిన రొట్టెను చూడటం వేరు. రంగనాథం గారు రోజూ ఫోన్ చేసేవారు. ఆయన గొంతులో ఇప్పుడు అధికారం లేదు, భయం ఉంది.

ఒక పొద్దున్న యాదయ్య మొహం చిన్నబోయి ఉంది. కూనల అరుపు వినబడటం లేదన్నాడు. తలుపు సందులో చెవి పెట్టాను. నిజమే, ఏమీ లేదు. ఊపిరి ఉందో లేదో కూడా తెలియలేదు. నా చెయ్యి గడియ మీద పడింది. తీసి చూస్తే తెలిసిపోతుంది. ఒక్కసారి, ఒక్క చూపు. ఆ మాట నా మనసులోనే వినబడేసరికి వేలు కాలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అందరినీ తిట్టిన నోటితో నేను కూడా అదే మాట అనబోయాను కదా అని నామీద నాకే మంట పుట్టింది. యాదయ్యను తీసుకుని గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేశాను. ఇద్దరం చాయ్ బండి దగ్గర కూర్చున్నాం.

కొత్తగా చేరేవాళ్ళకు చెబుతున్నాను. ఈ ఉద్యోగంలో చేసే పనికన్నా చేయకుండా ఉండే పనే ఎక్కువ కష్టం. సూది వేసే చెయ్యి అందరికీ ఉంటుంది. జేబులో పెట్టుకునే చెయ్యి నేర్చుకోవాలి.

మర్నాడు పోయేసరికి నీళ్ళ తొట్టి సగానికి దిగింది. ఆ మర్నాడు రొట్టె లేదు. ఇంకో రెండు రోజులకు, గోడ దగ్గర నిలబడితే లోపలి నుంచి ఒక చప్పుడు. దూరంగా పిండి గిర్నీ ఆడుతున్నట్టు సన్నగా, ఆగకుండా. గుడ్డెలుగు కూనలు పాలు తాగుతూ అట్లా గొణుక్కుంటాయి. నేను గోడకు ఆనుకుని అట్లాగే కింద కూర్చున్నాను. లచ్చమ్మ దూరం నుంచి చూసి, ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది. చెవి పెట్టి విన్నది. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

సంక్రాంతి దాటాక రంగనాథం గారు శబరిమల పోయివచ్చారు. మాల తీసేశారు, ఇప్పుడు ఆయన్ని ఆపే మైల ఏదీ లేదు. జీపు దిగి గేటు దాకా వచ్చారు. నేను ఎదురు పోయాను. ఆయన అక్కడే నిలబడి అడిగారు.

"రావచ్చా అమ్మా?"

"గోడ దాంక రండి సార్. అక్కడి నుంచి వినుండ్రి."

వచ్చి నిలబడ్డారు. చెవి పెట్టారు. ఆ మోతలో కాసేపు ఏమీ తెలియలేదు, తర్వాత తెలిసింది. ఏమిటా చప్పుడని అడిగారు.

"పాలు తాగుతున్నరు సార్. ఇద్దరూ."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు. నేను ఎంత కడిగించానమ్మా ఆ బోనుని, అన్నారు. ఆయన్ని నేను అంతగా గౌరవించిన రోజు మరొకటి లేదు.

కమ్మీల్లేని ఇల్లు

ఎండలు ముదురుతుండగా కొత్త ఎన్‌క్లోజరు తయారైంది. నగరానికి తరలించడానికి పెద్ద పెట్టె చేయించి ముందే షెడ్డు ముంగిట్లో తెరిచిపెట్టాం. తోయలేదు, కొట్టలేదు, మత్తు వేయలేదు. లోపల బెల్లం రొట్టె పెడుతూ పోయాం. ఒకరోజు బిజిలీ తనంత తానే నడిచి లోపలికి పోయింది. వీపు మీద పొడుగాటి వెంట్రుకలు పట్టుకుని రెండు కూనలు కూర్చుని ఉన్నాయి. వాటిని వెలుగులో చూడటం అదే మొదటిసారి. నల్లటి ఉండలు, తెల్లటి మూతులు. యాదయ్య నోరెళ్ళబెట్టి చూస్తూ తలుపు వేయడం మరిచిపోతే నేను అరిచాను.

అక్కడ కొత్త గది కడిగించడానికి మనుషులు బకెట్లతో వచ్చారు. రంగనాథం గారే వాళ్ళను వెనక్కి పంపించారు. కర్దనూర్ నుంచి తెచ్చిన పాత గడ్డి, దాని వాసనతో సహా, లోపల పరిపించారు. ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారు, కంపు కొడుతుందని గుమస్తా గొణిగితే, వచ్చేవాళ్ళు కందకం ఈవలే కదా ఉండేది అన్నారు.

తెరిచే రోజు జనం ఇసకేస్తే రాలనంత మంది. పటాన్‌చెరు నుంచి ఫ్యాక్టరీ పనివాళ్ళు పెళ్ళాంపిల్లలతో వచ్చారు. కర్దనూర్ నుంచి ఊరి జనం ట్రాక్టరు కట్టుకుని వచ్చారు, మా గుడ్డెలుగు అని చెప్పుకుంటూ. పేపర్లలో రాక్షసి తల్లి అని చదివినవాళ్ళు కూడా వచ్చారు. నేను కందకం పక్కన నిలబడ్డాను. ఇంతమంది మనుషుల్ని చూస్తే ఇది ఏం చేస్తుంది? లోపలికి పరుగెత్తితే? ఆ భయంలో పిల్లల్ని ఏమన్నా చేస్తే? ఇన్ని నెలల శ్రమ ఈ ఒక్క పొద్దుతో పోతుంది.

గది తలుపు పైకి లేచింది. చాలాసేపు ఎవరూ రాలేదు. తర్వాత మూతి, తర్వాత తల. బిజిలీ ఎండలోకి అడుగు పెట్టింది. వీపు మీద ఇద్దరూ ఉన్నారు. జనం ఒక్కసారిగా హో అని అరిచారు. అది ఆగింది. మావైపు తిరిగింది.

చిన్న కూన కంగారుపడి పట్టు జారి కింద పడింది. బిజిలీ మెల్లగా వెనక్కి తిరిగి, దాని ముందర వంగి, పొట్ట నేలకు ఆనించి పడుకుంది. కూన కాళ్ళు కొట్టుకుంటూ వెంట్రుకలు పట్టుకుని ఎగబాకింది, అక్కకో అన్నకో పక్కన చేరింది. అప్పుడు లేచింది. పరుగెత్తలేదు. జనం ఎదుటనే తాపీగా నడిచిపోయి పుట్టను పంజాతో తవ్వింది. మూతి లోపల పెట్టి సుర్రుమని చెదపురుగుల్ని పీల్చింది. ఆ చప్పుడు కందకం దాటి అందరికీ వినబడింది. పిల్లలందరూ అట్లాగే సుర్రుమని పీల్చడం మొదలుపెట్టారు.

నా పక్కన ఎవరో ముసలావిడ, పటాన్‌చెరు నుంచి వచ్చిందట, కొంగుతో కళ్ళొత్తుకుంటూ తనలో తాను అనుకున్నట్టు అన్నది.

"అవ్వ, ఎంత బాగ ఎత్తుకున్నది! ఎవ్వలు అన్నరు దీన్ని రాక్షసి అని?"

నేను ఉద్యోగంలో ఎప్పుడూ పదిమంది ముందర ఏడవలేదు. ఆ రోజు ఏడ్చాను, వెక్కివెక్కి ఏడ్చాను, యాదయ్యా లచ్చమ్మా చూస్తుండగానే. ఏ తల్లి దగ్గరికి మేము చూడటానికి పోకుండా ఉన్నామో, ఆ తల్లే తన బిడ్డల్ని ఎత్తుకుని మాకు చూపించడానికి తనంత తానే వచ్చింది.